బొంగరం సిస్టర్ కుర్చీ

మా వదిన కుదురుగా కూర్చోగా చూశామని ఎవరైనా అంటే నేను నమ్మను. ఆవిడ కూర్చున్నట్టు కనిపించిందంటే లేవబోతోందని అర్థం. అన్నం తింటూ మధ్యలో లేచి కిటికీ రెక్క వేసి వస్తుంది. రెండు ముద్దలు తిని, వేసిన రెక్క తీయడానికి వెళుతుంది. టీవీ నిలబడి చూస్తుంది. ఫోను వస్తే ఇల్లంతా తిరుగుతూ మాట్లాడుతుంది, వంటింట్లో మొదలైన మాట వరండాలో పూర్తవుతుంది. వెనకాల నడిచేవాళ్ళకి సగం కబురే తెలుస్తుంది.

వదినంటే మా ఆయనకి అక్క. నర్సు. పెళ్ళయి కాపురానికి వెళ్ళి కొన్నేళ్ళకే సూట్‌కేసుతో తిరిగొచ్చింది. ఆ మొగుడు చెడ్డవాడేమీ కాదు పాపం, అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం. “నువ్వు ఇంట్లో ఉంటే నా కళ్ళు అక్షరం మీద నిలవడం లేదు” అన్నాడట. ఆ మాట వదినే మా అందరికీ నవ్వుతూ చెప్పింది. నవ్వుతూనే చెప్పింది గానీ, చెబుతున్నంతసేపూ చేతిలో ఉన్న డబ్బా మూత తీస్తూ, వేస్తూ ఉంది.

నాకూ ఆవిడకీ పడదనుకునేరు. బాగానే పడుతుంది. కాకపోతే “వదినా, నీకు దణ్ణం పెడతాను, కాసేపు ఒక్కచోట కూర్చో” అని ఒక్కసారైనా అనకపోతే నాకు ఆ రోజు గడిచినట్టుండేది కాదు. నా ఒక్కదాని మాటే కాదు. మా అత్తగారు పోయేదాకా అదే అంది. మా ఆయన అంటాడు. బడిలో పంతులమ్మలు అన్నారట. అందరిదీ ఒకటే పాట, ఆవిడదీ ఒకటే జవాబు: “ఇదిగో, ఈ ఒక్క పనీ చూసుకుని కూర్చుంటా.” ఆ ఒక్క పని ఈ జన్మకి తెమిలేది కాదు.

ఆస్పత్రిలో మాత్రం ఆ తిరుగుడే ఆవిడకి పేరు తెచ్చింది. పెద్ద వార్డులో ఏ మూల ఎవరికి దాహం వేస్తోందో, ఎవరి సెలైన్ సీసా అడుగంటుతోందో వాళ్ళు పిలవకముందే ఆవిడ అక్కడ ఉండేది. రోగులు ప్రేమగా ‘బొంగరం సిస్టర్’ అనేవాళ్ళు. తర్వాత ఆ వార్డు మూసేశారు. నర్సుల్ని తలొక దిక్కుకీ సర్దారు, వదినకి మాత్రం ఎక్కడా చోటు దొరకలేదు. ఇంట్లో ఉన్న ఆ కొద్దికాలం నాకు చుక్కలు కనబడ్డాయి. అలమారలో బట్టలన్నీ తీసి మడతపెట్టడం, మళ్ళీ తీయడం. నేను తట్టుకోలేక, నేను పనిచేసే చోట మా డాక్టరుగారి చెవిన ఒక మాట వేశాను. ఆయన సరేనన్నాడు. అన్నాక గుర్తొచ్చింది నాకు, మా దగ్గర నర్సు చేయాల్సిన పనే కూర్చోవడం అని. నాలిక కరుచుకున్నాను.

మాది మందుల పరిశోధన కేంద్రం. ఆస్పత్రి వెనక భవనంలో మూడో అంతస్తు. అందులోనూ నరాల మీద పనిచేసే మందులు. కొత్త మందు పుట్టాక, జబ్బున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళేలోపు, ఏ జబ్బూ లేనివాళ్ళకి కొంచెం కొంచెంగా ఇచ్చి చూస్తారు. ఎంతవరకు ఒంటికి పడుతుంది, ఎక్కణ్ణుంచి తేడా చేస్తుంది అనేది మా దగ్గర తేలాలి. వాలంటీర్లు లోపలికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర టేబుల్ నాది. సంచులు వెతుకుతాను. టీ, కాఫీ, చుట్ట, బీడీ ఏదీ లోపలికి పోకూడదు, నరాల లెక్కలు చెడిపోతాయి. పళ్ళపొడి డబ్బాలో కాఫీపొడి తెచ్చిన మహానుభావుడు ఉన్నాడు. నన్ను మోసం చేద్దామని! డబ్బా మూత తీయకుండానే వాసన పట్టాను.

పొద్దున్నే మాత్ర ఇస్తారు. కొందరికి అసలు మందు, కొందరికి ఉత్తుత్తి మాత్ర. చూడ్డానికి రెండూ ఒకటే. ఎవరికి ఏది పడిందో మందులు కట్టే ఆయనకి తప్ప డాక్టరుకీ తెలియదు, నర్సుకీ తెలియదు. తర్వాత నర్సు మంచం పక్కన కుర్చీలో కూర్చుంటుంది. నాడి చూస్తుంది, రక్తపోటు చూస్తుంది. దీపం వెలగగానే బొత్తాం నొక్కమంటుంది, రెండు గీతల మధ్య సన్నటి సందులో తగలకుండా పెన్సిలు నడపమంటుంది. మధ్యమధ్య “ఎలా ఉంది?” అని అడుగుతుంది. అంతే అడగాలి. తల తిరుగుతోందా, వికారంగా ఉందా అని నోట్లో మాట పెట్టకూడదు. డాక్టరుగారు మిగతా విషయాల్లో వెన్నలాంటి మనిషి గానీ ఈ ఒక్క చోట రాయి.

దానికి కారణం ఉంది. వదిన రాకముందు ఒక మందు నడిచేటప్పుడు ఒకాయన పడుకుని పైకి చూస్తూ “కప్పు తిరుగుతోంది” అన్నాడు. పక్క మంచం ఆయన పైకి చూశాడు, ఆయనకీ తిరిగింది. కాసేపట్లో వార్డు వార్డంతా కళ్ళు మూసుకుని మంచాల పట్టీలు పట్టుకుంది. ఫ్యాను బాగుచేయడానికి నిచ్చెన ఎక్కిన కరెంటు మేస్త్రి కూడా దిగిపోయి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అతనికి మేమేమీ ఇవ్వలేదు, కనీసం మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. తీరా చూస్తే తల తిరిగినవాళ్ళలో చాలామంది మింగింది ఉత్తుత్తి మాత్రే. అప్పట్నుంచి మంచానికీ మంచానికీ మధ్య తెరలు వచ్చాయి, “ఎలా ఉంది?” అనే ఒక్క ప్రశ్న మిగిలింది. మా దగ్గర అందరి మనసులోనూ ఒకటి నాటుకుపోయింది: మనిషికి మనిషి నుంచి అన్నీ అంటుకుంటాయి.

వదిన వచ్చాక నడిచిన మందు మనసు అల్లకల్లోలంగా ఉన్నవాళ్ళకి శాంతినిచ్చేదట. ఆ శాంతి మందుకి కాపలా మా వదిన! నాకు మొదటిరోజే నవ్వొచ్చింది. కుర్చీలో ఆవిడ ముళ్ళ మీద కూర్చున్నట్టే కూర్చునేది. కాలు ఊగేది, వేళ్ళు ఒళ్ళో ఏదో వాయించేవి, తెర సర్దేది, దిండు సర్దేది, సర్దిన దిండు మళ్ళీ సర్దేది. అయినా కూర్చుంది. పంటి బిగువున కూర్చుంది. “ఇది కూడా పోతే నేను ఆ ఇంటి గోడల మధ్య పిచ్చిదాన్నయిపోతానే” అని నాతో ఒకసారి అంది. సరదాకి అనలేదు.

మొదటి జట్టుకి చిన్న డోసు ఇచ్చారు. మధ్యాహ్నానికి కొందరు కాళ్ళు ఊపడం మొదలెట్టారు. ఒకాయన లేచి మంచం చుట్టూ తిరిగాడు. మరొకాయన చొక్కా గుండీలు పెడుతూ తీస్తూ కూర్చున్నాడు. “ఎలా ఉంది?” అంటే “బాగానే ఉంది సిస్టర్” అన్నారు. మర్యాదస్తులు. హెడ్ నర్సు తెర సందులోంచి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. “బొంగరం గాలి సోకిందర్రా వీళ్ళకి!”

ఆ మాట వార్డంతా పాకింది. నేనూ నవ్వాను. నవ్వకేం, డాక్టరుగారు వదినతో మాట్లాడుతుంటే ఆయన కాలు కూడా టేబుల్ కింద ఊగడం నా కళ్ళతో నేను చూశాను.

వదిన నవ్వలేదు. ఆ సాయంత్రం ఇంట్లో వరండా నుంచి పెరట్లోకి, పెరట్లోంచి వరండాలోకి కాలు కాలిన పిల్లిలా తిరిగింది. “నా వల్లేనే. నన్ను చూసి చూసి వాళ్ళకీ వచ్చింది. ఆ మందు మీద లేనిపోని నింద పడుతుంది. డాక్టరుగారికి చెప్పేస్తాను.”

“చెబితే నిన్ను తీసేస్తారు వదినా. నోరు మూసుకుని ఉండు.”

“మూసుకుని ఎలా ఉండను? ఆయన అక్షరాలు అలాగే చెడగొట్టాను. ఇప్పుడు వీళ్ళ లెక్కలు.”

ఆ అచ్చుతప్పుల మనిషిని అన్నేళ్ళ తర్వాత తలుచుకోగా అప్పుడే విన్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి చెప్పేసింది. డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “అయ్యుండొచ్చు సిస్టర్. కాదని చెప్పలేను. మీరు చెప్పడం మంచిదయింది” అన్నాడు. తర్వాతి జట్టు దగ్గర ఆవిడ కుర్చీలో వేరే నర్సు కూర్చుంది. వదినని నడవా చివర రక్తం సీసాలకి చీటీలు అంటించే గదిలో పెట్టారు. తలుపు వేసి ఉంచాలి, వార్డు వైపు రాకూడదు, వాలంటీర్ల కంట పడకూడదు. ఈ జట్టులో ఎవరి కాళ్ళూ ఊగకపోతే తప్పు వదినదేనని తేలిపోతుంది, ఇక ఆ కుర్చీ ఆవిడకి తిరిగి రాదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. చీటీలు అంటించి అంటించి వేళ్ళకి జిగురు పట్టి, ఆ వేళ్ళు ఒకదానికొకటి రుద్దుకుంటూ గదిలోనే నాలుగు గోడలూ చుట్టేది.

రెండో జట్టుకి డోసు పెంచారు. అందులో ఒకాయన దుకాణాలకి బోర్డులు రాస్తాడు. మేం ఆర్టిస్టు అని పిలిచేవాళ్ళం. అంత నిలకడైన మనిషిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. నా టేబుల్ ఎదురుగా బెంచీ మీద కూర్చుంటే చేతి మీద ఈగ వాలింది, అది తీరిగ్గా కాళ్ళు తుడుచుకుని ఎగిరిపోయేదాకా చెయ్యి కదల్చలేదు. గీతల మధ్య పెన్సిలు నడపమంటే ఒక్క చోట కూడా తగలకుండా నడిపాడు. డాక్టరుగారు ఆ కాగితం అందరికీ చూపించుకున్నాడు. నాకు మనసులో అనిపించింది, వదినని ఈయన పక్కన కూర్చోబెట్టాలి, ఎవరి గాలి ఎవరికి సోకుతుందో చూద్దాం అని.

మాత్ర వేసుకున్న రోజు మధ్యాహ్నం దాకా బాగానే ఉన్నాడు. ఆ తర్వాత నడవాలోకి వచ్చాడు. “కాస్త తిరుగుతానండీ” అన్నాడు. తిరిగాడు. నా టేబుల్ దాకా రావడం, చివరి కిటికీ దాకా పోవడం. “ఇంటికి పోవచ్చాండీ?” అని అడిగాడు. ఎప్పుడు కావాలన్నా మానుకునే హక్కు వాలంటీర్లకి ఉంది గానీ, ఒంట్లో మందు ఉండగా వీధిలోకి వదలరు. ఆ మాటే చెప్పాను. తల ఊపి వెళ్ళాడు, మళ్ళీ వచ్చి అదే అడిగాడు. మళ్ళీ వచ్చాడు. వెనకాలే వచ్చిన నర్సు “ఎలా ఉందండీ?” అంది. “బాగానే ఉంది. ఇంటికి పోతాను” అన్నాడు. ఆవిడ ‘బాగానే ఉంది’ అని రాసుకుని వెళ్ళిపోయింది.

నా నోరు ఊరుకుంటుందా? “ఏమయ్యా, మా వదిన గాలి నీకూ సోకిందా ఏమిటి?” అన్నాను.

“ఎవరండీ మీ వదిన?” అన్నాడు.

నాకు భలే నవ్వొచ్చింది. సరాసరి చీటీల గదికి వెళ్ళి తలుపు తోసి, “వదినా, నీ మహిమ గోడలు దాటిపోతోంది! మొహం కూడా చూడనివాడికి నీ తిరుగుడు పట్టింది” అన్నాను.

వదిన చేతిలో చీటీ అలాగే ఉండిపోయింది. “నన్ను చూడలేదా?”

“ఎలా చూస్తాడు? ఆయన వచ్చేసరికే నువ్వు ఈ గదిలో పడ్డావుగా.”

“మరి ఎవర్ని చూసి పట్టిందే?”

అప్పుడు నా నవ్వు ఆగింది. వార్డు వైపు రావద్దన్న మాట ఆవిడకి గుర్తుందో లేదో తెలియదు, నన్ను పక్కకి నెట్టి నడవాలోకి వచ్చేసింది. ఆర్టిస్టు చివరి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నిలబడి అంటే కాళ్ళు నేల మీద నిలవడం లేదు, ఈ కాలూ ఆ కాలూ మారుస్తున్నాడు. చెయ్యి కిటికీ గడియ మీద ఉంది. నేను ఆ చెయ్యి చూడలేదు, వదిన చూసింది.

ఆవిడ దగ్గరికి వెళ్ళి, అడగకూడని ప్రశ్న అడిగింది. “బాబూ, లోపల తరుముతున్నట్టుందా? ఒక్కచోట ఉండలేకపోతున్నావా?”

ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది. “నేను ఆగినా లోపల ఎవరో నడుస్తున్నారమ్మా. ఆగమంటే ఆగడం లేదు. ఇది ఏమని చెప్పాలో తెలియక బాగుందన్నాను.” ఏడ్చేశాడు. వదిన గడియ మీదున్న ఆయన చెయ్యి తీసి తన చేతిలో పెట్టుకుంది. “కూర్చోవద్దులే. పద, నడుద్దాం” అంది. ఇద్దరూ నడిచారు. అంత నిలకడైన మనిషీ, అంత నిలకడలేని మనిషీ, ఒకటే అడుగు. నేను డాక్టరుగారి కోసం పరిగెత్తాను. కుర్చీ కదలని నేను పరిగెత్తడం కూడా అంతకుముందు ఎవరూ చూసి ఉండరు.

దారిలో నేను చెప్పింది విని, డాక్టరుగారు వస్తూనే అడిగాడు. “మీరు అడిగారా సిస్టర్? మాట అందించారా?”

“అందించానండీ.”

ఆయన మొహం ఎర్రబడింది. “అయిపోయింది! ఇక ఈయన చెప్పింది దేనికీ పనికిరాదు. మందు వల్ల అన్నాడో, మీరడిగితే అన్నాడో, ఎలా తెలుస్తుంది నాకు? ఎందుకు చేశారు ఈ పని?” అంత గట్టిగా ఆయన అరవగా ఎప్పుడూ వినలేదు. వదిన నడవడం ఆపలేదు. ఆర్టిస్టు చెయ్యి వదల్లేదు.

అరిచినవాడు అరుస్తూనే ఆర్టిస్టు కాళ్ళ వైపు చూశాడు. కూర్చోమన్నాడు. ఆర్టిస్టు కూర్చున్నాడు, లేచాడు. మళ్ళీ కూర్చోబోయాడు, సగంలోనే లేచాడు. చెమటలు కారిపోతున్నాయి. డాక్టరుగారి గొంతు మారిపోయింది. విరుగుడు ఇంజెక్షన్ తెమ్మని కేకేసి, తనే చేశాడు. మిగతావాళ్ళకి కూడా మందు ఆపించాడు. కొంతసేపటికి ఆర్టిస్టు మంచం మీద వాలాడు, ఇంకొంతసేపటికి కాళ్ళు నిమ్మళించాయి. వదిన అప్పటిదాకా తెర బయట తిరుగుతూనే ఉంది.

తర్వాత ఎవరికి ఏది పడిందో, మందులు కట్టే ఆయన రాసిపెట్టిన జాబితా తెరిచి చూశారు. ఆర్టిస్టుకి అసలు మందే. మొదటి జట్టులో కాళ్ళు ఊపినవాళ్ళకీ అసలు మందే, గుండీలాయనకి తప్ప. ఆయన మింగింది ఉత్తుత్తి మాత్ర. అంటే ఆ ఒక్కడికీ నిజంగానే మా వదిన నుంచి అంటుకుంది. హెడ్ నర్సు ఆ ముక్క పట్టుకుని మళ్ళీ నవ్వింది గానీ ఈసారి వదిన కూడా నవ్వింది. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. ఆవిడకి మళ్ళీ కుర్చీ ఇస్తానని గానీ, ఇవ్వనని గానీ చెప్పలేదు. నియమం తప్పిందన్నది ఆయన మనసులో ముల్లులా ఉంది, అది కాదనలేను. వదిన చీటీల గదిలోనే ఉండిపోయింది, ఎప్పుడు పొమ్మంటారో అని ప్రతి అడుగు చప్పుడుకీ తలుపు వైపు చూస్తూ.

ఆర్టిస్టు ఇంటికి వెళ్ళేటప్పుడు సంచీ ఇస్తుంటే నాతో మెల్లగా అన్నాడు. “ఆవిడ రాకపోతే ఆ గడియ తీసేవాణ్ణండీ. దూకాలని కాదు. బయటపడాలని. ఆ కాసేపూ ఆ రెండింటికీ తేడా తెలియలేదు నాకు.” ఆయన మెట్లు దిగకముందే వెళ్ళి ఆ కిటికీకి బోల్టు వేయించాను.

కొన్నాళ్ళకి ఆ మందే బాగా తగ్గించిన డోసుతో మళ్ళీ మొదలుపెట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. డాక్టరుగారు ప్రశ్నల వరస మార్చాడు. అందర్నీ, ఏ జట్టునైనా, చివర్లో ఒకే గొంతుతో ఇంకోటి అడగాలి. అందర్నీ అడిగితే ఎవరి నోట్లోనూ ప్రత్యేకంగా మాట పెట్టినట్టు కాదన్నాడు. వాలంటీర్ల కంటే ముందు మమ్మల్నే అడిగి చూస్తానని, వార్డులో ఆ కుర్చీ వేయించి, ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టాడు.

నా వంతు వచ్చింది. “ఎలా ఉంది?” అన్నాడు. బాగుందన్నాను. “కదలకుండా కూర్చోగలుగుతున్నారా?”

“అదే కదండీ నా ఉద్యోగం” అన్నాను. అందరూ నవ్వారు.

తర్వాత వదిన. చీటీల గదిలోంచి జిగురు చేతులతోనే వచ్చింది. ఆ కుర్చీని చూసి ఒక్క క్షణం ఆగి, కూర్చుంది. కాలు అప్పుడే ఊగుతోంది.

“ఎలా ఉంది?”

“బాగుందండీ.”

“కదలకుండా కూర్చోగలుగుతున్నారా?”

ఏదో ఒక ఛలోక్తి విసురుతుందనుకున్నాను. కూర్చో, కూర్చో, కూర్చో అని పుట్టినప్పట్నుంచీ అన్నారు ఆవిణ్ణి. అమ్మ అంది, తమ్ముడు అన్నాడు, మొగుడు అన్నాడు, నేను రోజూ అన్నాను. కూర్చోగలవా అని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

“లేదండీ” అంది వదిన. మళ్ళీ అంది, “ఎప్పుడూ లేదండీ.” కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, జిగురు వేళ్ళతో తుడుచుకోలేక అలాగే వదిలేసింది.

వార్డులో ఎవరూ నవ్వలేదు. డాక్టరుగారు ఆవిడ జవాబు కూడా అందరి జవాబులతో పాటే రాసుకున్నాడు. రాసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, “రేపు వార్డుకి వచ్చేయండి సిస్టర్. నిలబడి చూడండి, నడుస్తూ చూడండి, మీ ఇష్టం. తెర బయటినుంచి చూస్తే చాలు. ఈ కుర్చీ తీయించేస్తాను” అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం పెట్టుకున్నాం. వదిన అలవాటు ప్రకారం రెండు ముద్దలు తిని లేచింది. నా నాలుక చివరిదాకా వచ్చింది ఆ పాత పాట. మింగేశాను. నా కంచం చేత్తో పట్టుకుని నేనూ లేచాను. వరండా నుంచి పెరట్లోకి, పెరట్లోంచి వరండాలోకి ఆవిడ పక్కనే నడుస్తూ తిన్నాను. మా ఆయన ముద్ద నోటి దగ్గరే ఆపుకుని మా ఇద్దర్నీ చూస్తూ కూర్చున్నాడు.